అడ్డాకు ప్లేటు: మధ్యలో ప్లాస్టిక్ ఫిల్మ్ లేకుండా వ్యాపారం నడుస్తుందా?

వంశధార_గుణుపురం
గుణుపురం దగ్గర అడ్డాకు (అడవిలో పాకే అడ్డతీగ ఆకు) ప్లేట్ల ప్రెస్సు పెట్టే ఆలోచన. రెండు డైల (వేడి అచ్చుల) హైడ్రాలిక్ మెషిన్. 12 అంగుళాల భోజనం ప్లేటు, 6 అంగుళాల టిఫిన్ ప్లేటు. కుట్టిన విస్తళ్ళు పద్మపురం, గుడారి వైపు ఊళ్ళ నుంచి తీసుకోవాలని. మెషిన్ అమ్మేవాళ్ళందరిదీ ఒకటే మాట: రెండు ఆకుల మధ్య పల్చటి ఫిల్మ్ పెట్టకపోతే సాంబారు కారిపోతాది, సరుకు వెనక్కొస్తాది అని. కొనేవాళ్ళు, అటు విశాఖ ఇటు భువనేశ్వర్, అట్టపెట్టె మీద "100 శాతం ప్లాస్టిక్ రహితం" అని అచ్చు వేయమంటున్నారు. ఈ రెండూ ఒక్క ప్లేటులో ఎలా కుదురుతాయి? ఫిల్మ్ లేకుండా నిజంగా చేసేవాళ్ళెవరైనా ఉంటే పద్ధతి, ఖర్చు, ఎక్కడ తేడా వస్తాదో చెప్పండి. ఇంకోటి, ఆకు ఏడాది పొడుగునా దొరుకుతాదా, జీఎస్టీ ఎంత?

అరటాకు
అరటాకు పరిస్తే ప్రెస్సూ వద్దు, ఫిల్మూ వద్దు, లోనూ వద్దు.

మజ్జిగ_పులుసు
@అరటాకు బఫేలో అరటాకు చేత్తో పట్టుకుని నిలబడి తిని చూపించండి, ఆ తరవాత మాట్లాడుకుందాం.

డై_మేస్త్రి
ముందు ఫిల్మ్ ఎందుకు పెడుతున్నారో తెలుసుకోండి. కారకుండా అని పైకి చెబుతారు. అసలు అది చేసేది జిగురు పని. ఆ ఫిల్మ్ ఎల్‌డీపీఈ, పల్చటి సంచుల ప్లాస్టిక్. 105 నుంచి 115 డిగ్రీల మధ్య కరుగుతాది. డైని 120కి పెట్టి నొక్కితే కరిగి పై ఆకునీ కింది పొరనీ పట్టేస్తాది. జిగురు కలపక్కర్లేదు, ఆరబెట్టక్కర్లేదు, నొక్కగానే కట్ట కట్టెయ్యొచ్చు. మెషిన్ వాడికి కావలసింది అదే, డెమోలో పది నిమిషాల్లో ప్లేటు చూపించాలి కదా. కాబట్టి ఎవరైనా ఆకు ప్లేటుకి డై 120 మీద పెట్టమన్నారంటే వాళ్ళు చెప్పేది ఫిల్మ్ ప్లేటు గురించే అనుకోండి.

ఫిల్మ్ లేకుండా అయితే 85-95 చాలు. అంతకు మించితే అడ్డాకు పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరుగుతాది, అంచు పెళుసవుతాది. 10-12 సెకన్లు నొక్కి ఉంచాలి. కానీ ఒక్క దెబ్బకి కాదు: 2 సెకన్లు నొక్కి, కొంచెం ఎత్తి, ఆవిరి పోనిచ్చి, మళ్ళీ నొక్కాలి. ఎత్తకపోతే లోపలి తడి ఆవిరై బుడగ కడతాది, ప్లేటు చల్లారాక ఆ బుడగ దగ్గరే పొర విడిపోతాది. టైమర్లో రెండు స్ట్రోకులు పెట్టుకునే వీలున్న ప్యానెల్ కావాలని ముందే అడగండి. చాలా మెషిన్లకి ఒక్కటే ఉంటాది.

పర్లాకిమిడి_పంతులు
అసలు ప్లేటు ఎంతసేపు ఆగాలి అన్నది ఎవరూ అడగరేం? భోజనం అరగంట. సాంబారు, చారు పోసాక ఇంకో పావుగంట వేసుకోండి. చేత్తో కుట్టిన విస్తరి తరాల నుంచి ఆ ముప్పావుగంట కాస్తూనే ఉంది. అన్నంతో గట్టు కట్టుకుని చారు పోయించుకునేవాళ్ళం. ఫిల్మ్ వాళ్ళు 6 గంటలు నీళ్ళు పోసి చూపిస్తారు. ఆరు గంటలు భోంచేసేవాడెవడు?

మజ్జిగ_పులుసు
మా వైపు పెళ్ళిళ్ళకి రండి పంతులుగారూ, మూడో పంక్తి దాకా కూర్చునేవాళ్ళని చూపిస్తాను.

బరంపురం_వంటశాల
పంతులుగారి మాట పంక్తి భోజనానికి సరే. క్యాటరింగ్‌లో పరీక్ష వేరు. ప్లేటు ఒక చేత్తో పట్టుకోవాలి, మీద 500-600 గ్రాముల పదార్థం ఉంటుంది, మధ్యలో వంగకూడదు. మేము అడిగేవి మూడే: ఒక చేత్తో అంచు పట్టుకుంటే మడత పడకూడదు, వేడి పులుసు 30 నిమిషాలు కిందకి దిగకూడదు, వాసన ఉండకూడదు. ఫిల్మ్ ఉందా లేదా అని సగంమంది అడగరు. అడిగేవాళ్ళు మాత్రం గట్టిగా అడుగుతారు, చింపి చూస్తారు. బరంపురంలో 2018 అక్టోబరు 2 నుంచే ప్లాస్టిక్ మీద ఆంక్షలున్నాయి, ఇక్కడి హాళ్ళవాళ్ళకి ఆ భయం ముందు నుంచీ ఉంది.

డై_మేస్త్రి
ఒక చేత్తో పట్టుకోవడం అన్నది అంచు పని, అడుగు పని కాదు. డై అంచు గాడి లోతుగా ఉంటే రెండు పొరల ఆకే నిలబడతాది. పేపర్ ప్లేటు డై ఇచ్చి "ఆకుకీ సరిపోద్ది" అంటారు. దాని సందు అట్ట మందానికి కట్ చేసి ఉంటాది. ఆకు మందం ఒక్కో చోట ఒక్కోలా ఉంటాది, ఈనె దగ్గర లావు, రెక్క దగ్గర పల్చన. సందు తక్కువైతే ఈనె నలిగి చీలుతాది. ఆకు కోసం అని చెప్పి డై చేయించుకోండి, మీ ఆకులు ఒక యాభై పట్టుకెళ్ళి వాళ్ళ ముందే నొక్కించండి.

వంశధార_గుణుపురం
@డై_మేస్త్రి సరే, ఫిల్మ్ తీసేస్తే మధ్యలో ఏం పెట్టాలి? జిగురు ఏది? కొందరు మైదా ఉడకబెట్టి రాస్తే చాలంటున్నారు.

ఆకు_అట్ట
మూడు దారులున్నాయి. ఒకటి, కింద క్రాఫ్ట్ కాగితం. 120 జీఎస్ఎం (చదరపు మీటరుకి 120 గ్రాముల) కాగితం 14 అంగుళాల చదరం కోస్తే సుమారు 15 గ్రాములు తూగుతుంది. కిలో 70 రూపాయలు అనుకుంటే ఒక్క ప్లేటుకి కాగితానికే రూపాయి దాటింది. రెండు, కింద కూడా ఆకే, అంటే రెండు పొరల విస్తరి. మూడు, రెండు పొరల మధ్య చిరిగిన ఆకులు, చిన్నాకులు పరచడం. కుట్టేవాళ్ళ దగ్గర ముక్కాకు ఎలాగూ మిగులుతుంది, దాన్ని పారేయకుండా మధ్యపొర చేయొచ్చు. మూడోదానికి ఖర్చు దాదాపు లేదు, ప్లేటు బరువు పెరుగుతుంది, గట్టిగా ఉంటుంది. చెయ్యి మాత్రం ఎక్కువ పడుతుంది.

కాగితం పెట్టేట్టయితే బూడిదరంగు వెనకవైపు ఉన్న డూప్లెక్స్ బోర్డు వద్దు. అది పాత కాగితం గుజ్జు, అందులో అచ్చు సిరా అవశేషాలుంటాయి, వేడి పులుసు ఆకులోంచి దిగితే దాన్నే తాకుతుంది.

జిగురుకి మైదా కంటే కర్రపెండలం పిండి మేలు. సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల దగ్గర దొరుకుతుంది. కిలో పిండికి 9-10 లీటర్ల నీళ్ళు. ముందు ఒక లీటరు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నీళ్ళు కాచి అందులో పోస్తూ తిప్పాలి. 70 డిగ్రీలు దాటేసరికి తెల్లటి పిండినీళ్ళు కాస్తా గాజులా తేటపడతాయి, అప్పుడు దించెయ్యాలి. రోజుకి రోజే కాచుకోవాలి, మర్నాటికి పులుస్తుంది. బ్రష్‌తో పల్చగా, అంచున రెండు వేళ్ళ వెడల్పున రాస్తే చాలు. అడుగంతా పూస్తే అంత తడీ ఆవిరి కావాలి, డై_మేస్త్రి చెప్పిన బుడగలు అక్కడి నుంచే వస్తాయి.

కొండదారి
రాయగడ, కోరాపుట్ సంతల్లో చింతగింజ దొరుకుతాది కదా. చింతగింజల పిండి జిగురు ఇంకా గట్టి. గింజ వేయించి పైతొక్క తీసి ఆడించాలి, అదే తిప్పలు.

ఆకు_అట్ట
గట్టే, కానీ రంగు దిగుతుంది. తొక్క పూర్తిగా పోకపోతే ప్లేటు మీద ఎర్రటి మరకలు. తెల్లటి ఇడ్లీ పెట్టే 6 అంగుళాల ప్లేటుకి కొనేవాడు ఒప్పుకోడు.

మైదా_డబ్బా
మైదా తప్పేం కాదు. కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, బూజు రాదు. గోడ పోస్టర్లకి అదే కదా వాడేది.

పర్లాకిమిడి_పంతులు
@మైదా_డబ్బా గోడ భోంచేయదు నాయనా.

డై_మేస్త్రి
నవ్వులాటకి కాదు, మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, విషం. తిండి తాకే వస్తువులో చిటికెడు కూడా వద్దు. బూజుకి మందు ఎండబెట్టడమే. గంధకం పొగ పెట్టి ఆకు రంగు తేల్చేవాళ్ళూ ఉన్నారు, అదీ వద్దు. కట్ట విప్పగానే వాసన పట్టేస్తారు.

వంశధార_గుణుపురం
మైదా వద్దు, కర్రపెండలం రాసుకున్నాను. మరి ఆకు సంగతి? మధ్యవర్తులు 12 నెలలూ ఇస్తామంటున్నారు.

కొండదారి
12 నెలలూ ఇస్తానన్నవాడు చలికాలం ఆకు నిలవచేసి ఇస్తాడు, లేదా లేతాకు కోయిస్తాడు. రెండోదే ప్రమాదం.

అడ్డతీగ వేసవి ముందు ఆకు రాలుస్తాది, తరవాత లేతాకు వస్తాది. లేతాకు మీద గోధుమరంగు నూగు ఉంటాది, చేత్తో రాస్తే తెలుస్తాది. ఆ ఆకు ఎండితే ముడుచుకుపోతాది, ప్రెస్సులో చిరుగుతాది. అది కోస్తే తీగకీ నష్టం, మీకూ నష్టం. వానల్లో ఆకు పుష్కలంగా ఉంటాది, ఆరదు. మీకు పనికొచ్చే ఆకు వానలు తగ్గాక మొదలై చలికాలం చివరిదాకా. ఆ నాలుగైదు నెలల్లోనే ఏడాది సరుకులో ముప్పాతిక వంతు కొని ఎండబెట్టి పెట్టుకోవాలి. అంటే పెట్టుబడి ఒక్కసారే పడతాది. లోను వేసుకునేటప్పుడు వర్కింగ్ క్యాపిటల్ అక్కడ సరిపోదు, చూసుకోండి.

ఇక కోసే పద్ధతి. చెట్టెక్కిన తీగని కింద నరికి లాగేస్తే ఒక్కసారికి గంపెడాకు వస్తాది, మళ్ళీ పైకి పాకడానికి ఏళ్ళు. కొక్కెం కర్రతో కొమ్మ వంచి, ఆకుని తొడిమతో గిల్లాలి. తీగ చివర లేత చిగురు, దాని వెనక రెండు మూడు ఆకులు వదిలేయాలి. ఒక్కో తీగ మీద మూడోవంతు ఆకు ఉంచేయాలి. కొనేటప్పుడే తెలిసిపోతాది: కట్టలో ఆకులన్నీ ఒకే సైజు, తొడిమతో ఉంటే గిల్లిన ఆకు. చిన్నా పెద్దా కలిసి, తీగ ముక్కలు తగులుతుంటే నరికిన తీగ. రెండో రకానికి రేటు తగ్గించెయ్యండి, లేదా తిప్పి పంపెయ్యండి. మీటింగులు పెట్టి చెప్పినా వినరు గానీ, రేటు తేడా పెడితే వారంలో మారతారు.

సాలు_అడవి
@కొండదారి అడ్డతీగ విషయంలో అటవీశాఖ లెక్క వేరే ఉంది. గుగ్గిలం చెట్లని చుట్టేసి వంకర చేస్తుందని, పైన కొమ్మల్ని కప్పేస్తుందని తీగ నరకడం వాళ్ళ పనుల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. కలప కోసం పెంచే అడవిలో ఈ తీగ శత్రువు. మీరు కాపాడమంటున్నారు, వాళ్ళు నరకమంటారు.

కొండదారి
నిజమే, కలప కూపుల్లో (చెట్లు కొట్టే బ్లాకుల్లో) నరుకుతారు. అందుకే గ్రామసభకి సామూహిక అటవీ హక్కు పట్టా ఉన్న అడవి నుంచి ఆకు తీసుకోవడం మేలు. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న అటవీ ఉత్పత్తులు సేకరించి అమ్ముకునే హక్కు వాళ్ళకుంది, 2012 సవరణ తరవాత రవాణా పర్మిట్ కూడా గ్రామసభ కమిటీయే ఇస్తాది. అక్కడ ఏ తీగ ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఊళ్ళోనే తేలుతాది. పాతపట్నం దాటి ఆంధ్రాలోకి పచ్చి ఆకు లారీ పంపేటప్పుడు ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.

సాలు_అడవి
ఒప్పుకుంటాను. కానీ మూడోవంతు ఉంచాలన్నది అన్ని తీగలకీ ఒకటే కాదు. గట్టు మీద ఎండలో పాకిన చిన్న తీగకి సగం ఉంచాలి.

లెక్కలబాబు
జీఎస్టీ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. ఖలి దొన (ఆకు విస్తళ్ళు, దొన్నెలు), సాలాకు, సియాలి ఆకు, వాటితో చేసిన వస్తువులు 2018 జులై 21 కౌన్సిల్ సమావేశంలో 5 నుంచి సున్నాకి వచ్చాయి. సియాలి అంటే మన అడ్డాకే. సంబరపడే ముందు రెండు సంగతులు.

సున్నా పన్ను సరుకు అమ్మితే కొన్న వాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. మెషిన్ మీద 18 శాతం మీ ఖర్చే. 6 లక్షల మెషిన్ అనుకుంటే లక్షా ఎనిమిది వేలు. ప్రాజెక్టు రిపోర్టులో పన్నుతో కలిపి వేయించుకోండి, చాలామంది పన్ను లేకుండా వేసి చివర్లో చేతి డబ్బు పెట్టుకుంటారు.

రెండోది, మీరు పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆకు కింద అట్టో ఫిల్మో అతికిస్తే అది "ఆకు వస్తువు" కింద నిలుస్తుందా, కాగితం ప్లేటు అవుతుందా అన్నది తగవు. కాగితం వాడే పని అయితే ఆడిటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. పూర్తిగా ఆకే అయితే ఈ తలనొప్పి లేదు. ఫిల్మ్ తీసేయడానికి ఇది కూడా ఒక కారణమే.

మజ్జిగ_పులుసు
సాంబారు కారకపోయినా ఆడిటర్ దగ్గర జేబు కారిందన్నమాట.

వంశధార_గుణుపురం
@లెక్కలబాబు ఇది ఎవరూ చెప్పలేదు. మరి ఆ "100 శాతం ప్లాస్టిక్ రహితం" ముద్ర?

లెక్కలబాబు
ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. ఆ జాబితాలో ఆకు ప్లేటు అన్న మాట లేదు. కాబట్టి ఫిల్మ్ వాళ్ళు "మాది ఆకు" అంటారు. కానీ లోపల ఫిల్మ్ పెట్టి పైన ప్లాస్టిక్ లేదని రాస్తే అది తప్పుడు ప్రకటన. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పర్యావరణం పేరుతో చేసే ప్రకటనలకి మార్గదర్శకాలు పెట్టింది: ఏం చెప్పినా ఆధారం చూపించాలి, "సహజం", "హరితం" అని గాల్లో మాటలు రాయకూడదు. తప్పుడు ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. పెట్టె మీద ఏం రాయాలంటే: "అడ్డాకు, కర్రపెండలం జిగురు, నూలు దారం". అంతే. ఆ మూడూ నిజమైతే ఇంక ముద్ర అక్కర్లేదు.

బరంపురం_వంటశాల
ఇది నచ్చింది. మేము కొనేటప్పుడు చేసే పరీక్ష కూడా చెబుతాను, మీ పోటీదారు సరుకు మీద చేసుకోండి. ప్లేటుని బకెట్ నీళ్ళలో రాత్రంతా ముంచండి. పొద్దున్న పొరలు వేళ్ళతో విడదీయండి. ఫిల్మ్ ఉంటే ఉల్లిపొరలా తెల్లగా జారి వస్తుంది, లాగితే సాగుతుంది. తొందరైతే చిన్న ముక్క చింపి కాల్చండి. ఒట్టి ఆకైతే బూడిదై రాలుతుంది. ఫిల్మ్ ఉంటే కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన, అంచున చుక్కగా కరిగి గట్టిపడుతుంది.

నూలు_కండె
దారం మాట వచ్చింది కాబట్టి: కుట్టు మిషన్ మీద కుట్టే ఊళ్ళలో పాలిస్టర్ దారం వాడతారు, తెగదని. అది డైలో కరిగి అంటుకుపోతుంది. నూలు దారమే వాడాలి.

డై_మేస్త్రి
@నూలు_కండె నూలే వాడాలి, కానీ కారణం అది కాదు. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటితే గానీ కరగదు, మన డై 95. అది కరగదు, కుళ్ళదు, అదే దాని జబ్బు. ఎరువుగుంటలో ఆకు పోయాక దారం ముద్దలు మిగులుతాయి.

నూలు_కండె
అవును, సరే.

కొండదారి
దారం కంటే ముఖ్యం స్టేప్లర్ పిన్ను. కొన్ని చోట్ల వెదురు పుల్ల బదులు పిన్ను కొడుతున్నారు. భోజనాలయ్యాక ఆకులు పశువులే తింటాయి. పిన్ను వాటి కడుపులోకి పోతే గుండె దాకా గుచ్చుకుంటాది. ఫిల్మ్ కూడా అంతే, పొట్టలో పేరుకుపోతాది. కుట్టేవాళ్ళకి వెదురు పుల్లలు చీల్చి మీరే ఇవ్వండి, కిలోల్లెక్క.

ఆకు_అట్ట
పుల్ల విషయంలో ఇంకో మాట. కారడం ఎక్కువగా ఆకులోంచి కాదు, మూడు చోట్ల నుంచి: పుల్ల గుచ్చిన కన్నం, అడ్డాకు రెండు రెక్కల మధ్య చీలిక, తొడిమ దగ్గర గడ్డ. కుట్టేటప్పుడే వీటిని అంచుకి పంపేయాలి. మధ్యలో 8 అంగుళాల గుండ్రం లోపల కన్నం ఉండకూడదు. కింది పొరలో ఆకులు కలిసే గీత మీద పై పొర ఆకు నిండుగా రావాలి. ఆకులు ఒకదాని మీద ఒకటి రెండు వేళ్ళు ఎక్కాలి. తొడిమ ఆకుతో సమంగా కోసేయాలి, లేకపోతే నొక్కేటప్పుడు కింది పొరని పొడుస్తుంది. ఇంత చేస్తే ఫిల్మ్ లేకుండా 30 నిమిషాలు నిలబడుతుంది, అది క్యాటరింగ్ వాళ్ళు అడిగినదే. కుట్టేవాళ్ళకి 8 అంగుళాల అట్ట గుండ్రం ఒకటి కోసి ఇవ్వండి, మధ్యలో పెట్టుకుని చుట్టూ గుచ్చుతారు.

వంశధార_గుణుపురం
ఆ అట్ట గుండ్రం మాట బంగారం. ఖర్చు లెక్క ఎవరైనా వేస్తారా?

లెక్కలబాబు
ఉజ్జాయింపుగా, మీ అంకెలు మీరు మార్చుకోండి. చేత్తో ఆకు పెట్టి తీసే మెషిన్ మీద రెండు డైలూ కలిపి గంటకి 400 అనుకుందాం (అమ్మేవాడు 1,200 అంటాడు, రెండు స్ట్రోకులకి, 12 సెకన్లకి అది కుదరదు). రోజుకి 6 గంటలు, 2,400.

రెండు పొరల కుట్టిన విస్తరి రూపాయిన్నర. ఇద్దరు మనుషులు 500 చొప్పున, ప్లేటుకి 42 పైసలు. కరెంటు 5 పైసలు. జిగురు 5. కట్ట, పెట్టె 10. మొత్తం 2.12. నూటికి 6 పాడైతే 2.26 అవుతుంది. లోను, అద్దె, రిపేరు 30 పైసలు. 2.56.

కొండదారి
రూపాయిన్నర అన్నారు. రెండు పొరలు, మధ్యలో కన్నం లేకుండా, తొడిమ కోసి కుడితే రోజుకి 120 కంటే ఎక్కువ రావు. 180 రూపాయలు. అడవికెళ్ళి ఆకు తెచ్చిన రోజు లెక్కలో లేదు. మెషిన్ దగ్గర నిలబడినవాడికి 500, కుట్టినామెకి 180. ఆ రేటుకి రెండో నెల్లో వాళ్ళు మానేస్తారు, లేదా ఒక పొర కుట్టి రెండని ఇస్తారు.

లెక్కలబాబు
న్యాయమే. రోజుకి 300 రావాలంటే ముక్కకి రెండున్నర. అప్పుడు ప్లేటు 3.62 పడుతుంది.

మైదా_డబ్బా
3.62 పెట్టి ఎవడు కొంటాడు? ఫిల్మ్ ప్లేటు అంతకంటే తక్కువకి వస్తుంది.

బరంపురం_వంటశాల
కొంటారు, అందరూ కాదు. ప్లేటు ధర భోజనం ధరలో ఎంత? 250 రూపాయల భోజనంలో రూపాయి తేడా ఎవరికీ తెలియదు. 60 రూపాయల టిఫిన్ బండి దగ్గర తెలుస్తుంది. గుడి అన్నదానం, పెళ్ళి, ఆఫీసు విందు, వీటికి అమ్మండి. బండ్లకి పెద్ద ప్లేటు పెట్టకండి, 6 అంగుళాలది ఒక పొర మీద నొక్కి ఇవ్వండి, దాంట్లో పులుసు పోయరు.

డై_మేస్త్రి
ఖర్చు ఇంకో చోట దిగుతాది, కోత వృథాలో. 14 అంగుళాల చదరపు విస్తరిలో 12 అంగుళాల గుండ్రం కోస్తే నూటికి 42 వంతులు కోతలో పోతాది. 13 అంగుళాలకి తగ్గిస్తే 33. ఊళ్ళలో కుట్టేదే గుండ్రంగా కదా, 13 గుండ్రం అడగండి, వృథా 15కి వస్తాది. ఒట్టి ఆకు కోత అయితే పొయ్యిలోకో ఎరువుగుంటకో పనికొస్తాది. అట్ట అతికిన కోత పాత కాగితాలవాడు కూడా తీసుకోడు.

కోసే రింగు మొద్దుబారితే అంచు పీచులు లేస్తాది, ఆపరేటరు ప్రెషర్ పెంచుతాడు, సీలు పోయి నూనె కారుతాది, ఆ నూనె ప్లేటు మీద పడతాది. రింగు ముందే సానబెట్టించుకోండి. డై మీద ఆకు జిగట గట్టిపడితే ఇత్తడి బ్రష్, ఎమరీ కాగితం వద్దు, పూత లేచిపోతాది.

గుడారి_లైన్‌మన్
కరెంటు 5 పైసలు అన్నారు, ఓల్టేజీ అడిగారా? సాయంత్రం 180కి పడితే హీటరు 61 శాతమే వేడి ఇస్తాది. 1,500 వాట్ల హీటరు 920 లాగ. డై 95కి రాదు, ఆపరేటరు నొక్కే టైము పెంచుతాడు, గంటకి 400 కాస్తా 250. పొద్దున్న 5 నుంచి 11 దాకా నడపండి. టెంపరేచర్ కంట్రోలర్‌లో సెన్సారు రకం కూడా చూడండి, కె, జె అని రెండు రకాల వేడి సెన్సార్లుంటాయి, కె టైపు తగిలించి జె అని సెట్ చేస్తే చూపించే అంకె అబద్ధం. ఆకు మాడుతున్నా 90 అనే అంటాది.

పర్లాకిమిడి_పంతులు
బూజు సంగతి మిగిలింది. ఫిల్మ్ ప్లేటుకి ఆ బాధ తక్కువ, ఫిల్మ్ లేనిదానికి జిగురు తడి ఉంటుంది కదా.

ఆకు_అట్ట
ఉంటుంది. నొక్కిన వెంటనే కట్ట కట్టకూడదు. వెదురు తడకల మీద విడివిడిగా ఒక రోజు నీడలో, గాలిలో. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి. ఆరిందో లేదో తెలియడానికి మీటరు అక్కర్లేదు: 100 ప్లేట్లు పొద్దున్న తూచండి, సాయంత్రం తూచండి. తేడా నూటికి ఒకటి లోపు ఉంటే కట్ట కట్టొచ్చు. వానల్లో ఈ తేడా తగ్గదు, అప్పుడు ఆరబెట్టే గది ఒకటి కావాలి, కోత వృథా కాల్చే చిన్న పొయ్యి, పొగ బయటికి పోయే గొట్టం, ఒక ఫ్యాను. పొగ గదిలోకి వస్తే ప్లేటుకి వాసన పడుతుంది, వంటశాల వాళ్ళు మూడో షరతు చెప్పారు కదా.

కట్టకి ష్రింక్ ఫిల్మ్ చుట్టకండి. లోపల చెమ్మ పట్టి వారంలో నల్లచుక్కలు. పైగా ప్లాస్టిక్ లేని ప్లేటుని ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మడం! 25 ప్లేట్లకి క్రాఫ్ట్ కాగితం పట్టీ, పైన అట్టపెట్టె. గోదాములో గోడకి జానెడు దూరం, నేల మీద చెక్క.

మజ్జిగ_పులుసు
మొక్కజొన్న ఫిల్మ్ అని వస్తోంది కదా, మట్టిలో కలిసిపోయేది. అది పెడితే?

డై_మేస్త్రి
అది పీఎల్ఏ. కరగడానికి 150 పైన కావాలి, అప్పటికి ఆకు మాడిపోతాది. మట్టిలో కలవడానికి కూడా 58 డిగ్రీల దగ్గర వేడి ఉండే కంపోస్టు ప్లాంటు ఉండాలి. మీ ఊరి పెంటకుప్పలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటాది.

లెక్కలబాబు
లోను మాట: పీఎంఈజీపీలో (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో) తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా ప్రాజెక్టు ఒప్పుకుంటారు. పల్లెలో జనరల్‌కి 25 శాతం సబ్సిడీ, సొంత డబ్బు 10 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వగైరాలకి 35, సొంతం 5. సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. కొండదారి చెప్పినట్టు చలికాలం ఆకు కొనుగోలు డబ్బు వర్కింగ్ క్యాపిటల్ కింద వేయించండి, మెషిన్ కింద మొత్తం చూపించి తరవాత ఆకుకి వడ్డీకి తిరగొద్దు.

వంశధార_గుణుపురం
అందరివీ రాసుకున్నాను. రెండు సైజులు కాదు, ముందు రెండు డైలూ 12 అంగుళాలవే, రెండు స్ట్రోకుల టైమరుతో. అడ్డాకు, కర్రపెండలం, కుట్టడానికి నూలో వెదురు పుల్లో. ముక్కకి రెండున్నర ఇచ్చి 4 రూపాయలకి అమ్మే చోట్లు వెతుకుతాను. ఒక్క అనుమానం: ముక్కాకు మధ్యపొరగా పెడితే నొక్కే టైము 12 సెకన్లు చాలుతుందా?

డై_మేస్త్రి
చాలదు. 15-16 పెట్టి చూడండి, ఒకటి నొక్కి చల్లారాక చింపి మధ్యలో తడి తగిలితే ఇంకో రెండు పెంచండి. గంటకి 400 కాస్తా 320 అవుతాది, లెక్కలబాబుతో మళ్ళీ కూర్చోండి.

అరటాకు
నేను చెప్తూనే ఉన్నా.